లఘు లోహపథ సంధాన శాస్త్రం

1. శాస్త్రావతరణం

వ్యాకరణం వర్ణాల కలయికను, వైద్యం అస్థుల కలయికను, జ్యోతిషం గ్రహాల కలయికను విచారించి కృతార్థత పొందాయి. పడకగది గోడ వెంబడి ప్లైవుడ్ బల్లపై పరచిన బొమ్మరైలు పట్టాల కలయికను, ఆ పట్టాలకు విద్యుత్తును చేరవేసే తీగల అమరికను లక్షణబద్ధం చేసిన గ్రంథం మాత్రం తెలుగులో నా కంటపడలేదు. ఆ కొరతను తీర్చడానికే ఈ ప్రయత్నం.

లోకంలో ఈ విద్య ప్రాచీనం. జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో ఎనిమిది అంకె ఆకారపు పట్టాను ప్రదర్శించడంతో దీని సూత్రయుగం ఆరంభమైంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1946లో నెలకొన్న టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్‌తో భాష్యయుగం వచ్చింది. అక్కడి విద్యార్థులు రెండుగా చీలి, ఒక శాఖవారు బల్లపైన కొండలకు, ఇళ్ళకు రంగులు వేస్తుంటే, సిగ్నల్స్ అండ్ పవర్ అనే ఉపసంఘంవారు బల్లకింద పాత టెలిఫోన్ రిలేలతో తీగలు అల్లారు. కంప్యూటర్ లోకంలో తొలి హ్యాకర్లుగా పేరుపొందినవారిలో పలువురు ఆ బల్లకింద నుంచే పాకివచ్చారు. మనదేశంలో పుణెలోని కొత్రూడ్‌లో జోషీగారి లఘు రైల్వే ప్రదర్శనశాల 1998లో తెరుచుకుంది. హాంబుర్గ్‌లో 2001లో మొదలైన మినియాటుర్ వుండర్‌లాండ్‌లో పట్టాల పొడవు ఇప్పుడు పదిహేను కిలోమీటర్లు దాటింది. వీరందరికీ ప్రయోగనైపుణ్యం పుష్కలం. పరిభాష ఒక్కటే కొరవడింది.

ఈ శాస్త్రానికి క్షేత్రంగా బెంగళూరు తూర్పుకొసన ఉన్న హూడిని స్వీకరించడానికి బలవత్తరమైన హేతువు ఉంది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు రైలు వచ్చిన దారి హూడి మీదుగానే పోతుంది. మన శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కుప్పం దాటి కాకినాడ చేరేది కూడా ఆ దారినే. హూడి దగ్గర ఆ దారిలో 25,000 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు తలపైన తీగలో ప్రవహిస్తుంది. అదే ఊళ్ళో 2023 మార్చిలో తెరుచుకున్న మెట్రోలో 750 వోల్టుల డైరెక్ట్ కరెంటు నేలబారున మూడో పట్టాలో ప్రవహిస్తుంది. ఊర్ధ్వవాహిని, అధోవాహిని అనే ఉభయ సంప్రదాయాలు ఒకే ఊళ్ళో ప్రత్యక్షప్రమాణంగా లభించడం అరుదు. దీనికి తోడు, పగలంతా పరుల ప్రోగ్రాములలో దోషాలు వెదికి, రాత్రి స్వకీయమైన దోషాలు వెదకాలన్న తృష్ణ గల తెలుగు జనం ఇక్కడ దట్టంగా నివసిస్తున్నారు. శాస్త్రం పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

2. అనుబంధ చతుష్టయం

ప్రతి శాస్త్రానికీ విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగు అనుబంధాలు ఉండాలి.

విషయం: రైలు పట్టా, తీగ, వాటి సంధి. ఇక్కడ ఆరంభంలోనే ఒక ధర్మసంకటం ఉంది. 1:87 పాళ్ళలో అంతటా వాడే పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దీన్ని 87తో గుణిస్తే 1,435.5 వస్తుంది. అది హూడి మెట్రో గేజికి దాదాపు అచ్చంగా సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కనుక దానికి న్యాయంగా 19.3 కావాలి. అందువల్ల ఆ బల్లమీద మెట్రో సశాస్త్రీయంగాను, శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కాళ్ళు దగ్గరపెట్టుకునీ నడుస్తాయి. శుద్ధివాదులు చేతితో 19.3 పట్టా వేసుకోవాలంటారు. ఆ మాట అన్నవారిలో వేసుకున్నవారు అరుదు కనుక మిగిలినవారి ఆచారమే ప్రమాణం.

ప్రయోజనం: రైలు ఆగకుండా, మినుకుమనకుండా, వేలితో తోయించుకోకుండా బయలుదేరిన చోటికే తిరిగి రావడం. దీన్ని పునరావృత్తి అని ఆక్షేపించే వేదాంతులకు ఇందులో ప్రవేశం లేదు. సంబంధం స్పష్టమే.

అధికారి లక్షణం కొంత విస్తరించి చెప్పాలి. మూడు పడకగదుల ఫ్లాటు ఉండి, మూడోగది అతిథులకని చెప్పుకుంటూ అతిథులను రానివ్వనివాడు, గోడకు మేకు కొట్టరాదన్న అద్దె ఒప్పందానికి కట్టుబడి బల్లకు సొంత కాళ్ళు అమర్చుకున్నవాడు, వంగగల నడుము, బల్ల అంచు తగిలినా ఆశ్చర్యపోని తల గలవాడు ఉత్తమాధికారి. బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఒక కనెక్టరు కోసం ఏడు దుకాణాలు తిరిగి, పక్క సామాన్లతో సంచి నింపుకొని, కనెక్టరు మరచి ఇంటికి చేరేవాడు మధ్యముడు. అంతా ఆన్‌లైన్లో తెప్పించి పెట్టె విప్పనివాడు అధముడు. అధముల సంఖ్యాబలాన్ని చూసి శాస్త్రం చలించరాదు.

3. సంధి ప్రకరణం

ఇది ఈ శాస్త్రానికి ప్రాణం. ఒక పట్టా చివర మరొక పట్టా మొదలుతో కలిసే చోటు సంధి. రెంటినీ పట్టి ఉంచే చిన్న లోహపు తొడుగు జాయినర్. పెద్ద రైలులో ఫిష్‌ప్లేటు చేసే పనినే ఇది చేస్తుంది. అయితే ఫిష్‌ప్లేటు భారాన్ని మాత్రమే మోస్తే, జాయినర్ భారాన్నీ విద్యుత్తునూ మోస్తుంది. ఒకే సేవకుడికి రెండు కొలువులు ఇచ్చినప్పుడు దేనిలో ముందు అలసత్వం వస్తుందో అనుభవజ్ఞులకు విదితమే. విద్యుత్తులోనే వస్తుంది.

వ్యాకర్తలు చెప్పిన నిత్యం, నిషేధం, వైకల్పికం అనే త్రైవిధ్యం ఇక్కడ యథాతథంగా వర్తిస్తుంది.

నిత్యసంధి: వంపులో రెండు నిడుపాటి పట్టాలు కలిసే చోట సంధి తప్పనిసరి. ఒక్కొక్కటి 914 మిల్లీమీటర్ల పొడవుండే వంగుడు పట్టాలను విడివిడిగా వంచి జోడిస్తే, సంధి దగ్గర రెండూ తమ సహజమైన తిన్నదనాన్ని స్మరించుకొని మోచేయిలా పొడుచుకువస్తాయి. కనుక ముందు తిన్నగా ఉంచి జోడించి, టంకం వేసి, ఆ తరువాతే వంచాలి. ఉకారసంధి ఎంత నిత్యమో ఇది అంత నిత్యం.

నిషేధం: కొన్ని చోట్ల పట్టాలు భౌతికంగా కలిసినా విద్యుత్తు కలవరాదు. అక్కడ లోహపు జాయినర్‌కు బదులు ప్లాస్టిక్ జాయినర్ వేయాలి. మా, అమ్మ అనే మాటలకు సంధి కుదరనప్పుడు నడుమ యకారం నిలబడి మాయమ్మ అనిపించినట్లే, కలవకూడని రెండు పట్టాల నడుమ ఈ ప్లాస్టిక్ ముక్క నిలబడి రైలును మాత్రం సాఫీగా దాటిస్తుంది. దీన్ని యడాగమం అని వ్యవహరించడం సముచితం. విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన, పట్టా మీది రైలును కరెంటుతో పసిగట్టే ట్రాక్ సర్క్యూట్ మొత్తం ఈ నిషేధం మీదే నిలిచింది. నేటికీ మన రైల్వేలో ఒక సెక్షన్ కరెంటు మరో సెక్షన్‌లోకి పోకుండా గ్లూడ్ జాయింట్ వేస్తారు. ఎక్కడ కలపాలో తెలిసినవాడు మేస్త్రీ. ఎక్కడ కలపకూడదో తెలిసినవాణ్ణే ఆచార్యుడనాలి.

వైకల్పికం: తిన్నని దారిలో సంధికి టంకం వేయవచ్చు, వేయకపోవచ్చు. ఈ వికల్పం దగ్గరే సంప్రదాయాలు భగ్గుమన్నాయి.

మొదటిది దృఢబంధ సంప్రదాయం. సంధి కనబడితే టంకం వేయవలసిందే, వదులు జాయినర్‌లో ధూళి చేరుతుంది, తుప్పు చేరుతుంది, ఆరునెలల్లో విద్యుత్తు మొరాయిస్తుంది అని వీరి వాదం. రెండోది శ్లథబంధ సంప్రదాయం. లోహం వేడికి సాగుతుంది, 15 డిగ్రీల తేడాకు ఒక్కొక్క పట్టా సుమారు పావు మిల్లీమీటరు పెరుగుతుంది, గోడ పొడవునా టంకంతో బిగిస్తే ఏప్రిల్‌లో పట్టా పాములా మెలికలు తిరుగుతుంది అని వీరి ఆక్షేపణ. దృఢబంధులు బదులిస్తూ, బెంగళూరులో వేడి ఎక్కడిదని అడుగుతారు. శ్లథబంధులు చిరునవ్వుతో చెక్కను చూపిస్తారు. జూలై తేమకు ఉబ్బి, మార్చి పొడికి కుంచించుకొనే ప్లైవుడ్ ముందు పట్టా సాగుడు పరిగణించదగినదే కాదు. మూడోది సమన్వయ సంప్రదాయం: రెండేసి పట్టాలను టంకంతో కలిపి ఒక జంట చేసి, జంటకూ జంటకూ నడుమ సన్నని సందు వదిలి, ప్రతి జంటకూ సొంత తీగ ఇవ్వాలి. ఇరుపక్షాలూ దీన్ని పిరికితనమని నిరసించాయి, ఇరుపక్షాలూ రహస్యంగా ఇదే ఆచరిస్తున్నాయి. కనుక ఇదే సిద్ధాంతం.

టంకవిధి: పట్టా వెలుపలి పక్కను, ప్రేక్షకుడికి కనబడని వైపు, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. తీగ కొసకు ముందే తగరం పూయాలి, పట్టాకూ ఒక చుక్క పూయాలి. సంధికి రెండు పక్కలా తడిపిన గుడ్డపీలిక పరచాలి. లేకపోతే వేడి పాకి ప్లాస్టిక్ స్లీపర్లు వెన్నలా జారతాయి. తరువాత పూసిన రెంటినీ చేర్చి, ఐరన్ మొన ఆనించి, లోపల రెండు అంకెలు లెక్కపెట్టి తీసెయ్యాలి. రోజనం పొగ సన్నగా లేచి కళ్ళలోకే వస్తుంది, ముఖం ఎటు తిప్పినా అటే వస్తుంది. తీగ పట్టుకున్న చెయ్యి అప్పుడు కదలరాదు. 63–37 పాళ్ళ తగరం సీసం మిశ్రమం 183 డిగ్రీల దగ్గర ఒక్కపెట్టున గడ్డకడుతుంది. 60–40 మిశ్రమమైతే కొన్ని డిగ్రీల మేర ముద్దగా తటపటాయిస్తుంది. ఆ తటపటాయింపులోనే డోర్‌బెల్ మోగుతుంది. చెయ్యి చలించినవాడికి దక్కేది డ్రై సోల్డర్. మేలైన టంకం మెరుస్తూ, అంచుల దగ్గర పలచబడి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. డ్రై సోల్డర్ మసకగా, గుండ్రంగా, పట్టాతో పరిచయం లేనట్లు కూర్చుంటుంది. పాతకాలపు టీవీ మెకానిక్కులు దాన్ని చూడకుండానే, పెట్టెను చరిచి పట్టేవారు. ఆ విద్య నేడు క్షీణిస్తోంది.

4. తంత్రీ ప్రకరణం

తీగలు రెండు జాతులు. బల్లకింద ఆ చివరనుంచి ఈ చివరకు పరుచుకొనే లావు తీగ మాతృతంత్రి. వాడుకలో బస్. అక్కడినుంచి బల్లకు బెజ్జం చేసుకొని పైకి వచ్చి పట్టాను ముట్టుకొనే సన్నతీగ శిశుతంత్రి. వాడుకలో డ్రాపర్. పట్టా నికెల్, రాగి, జింకుల మిశ్రమం కనుక విద్యుత్తుకు అది రాగికంటే పది రెట్లకు పైగా అడ్డుపడుతుంది. రైలుకు పట్టా దారి, విద్యుత్తుకు తీగే దారి. ఈ భేదం తెలియక గది ఒక మూల రెండే తీగలు తగిలించి సంతోషించేవాడి రైలు, ఆ మూలన రాజధానిలా, ఎదుటి మూలన ఎడ్లబండిలా నడుస్తుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని ఎత్తుపల్లాల సహజశోభగా పొగుడుతారు. సాధకుడు ఆ పొగడ్తను స్వీకరించరాదు.

మాతృతంత్రి మందంపై గణితం ఇలా ఉంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.012 ఓమ్. పది మీటర్లు వెళ్ళి పది మీటర్లు తిరిగివస్తే 0.24. మూడు ఆంపియర్లు లాగితే 0.7 వోల్టుల నష్టం. ఇది సహ్యం. స్పీకర్ల కోసం కొన్న 14/36 తీగనే బస్‌గా వాడితే నష్టం దీనికి కొన్ని రెట్లు, అది అసహ్యం. డ్రాపర్‌గా జానెడు ముక్క వాడితే మాత్రం అదే తీగ ప్రశస్తం.

వర్ణవిచారం: వెలుపలి పట్టాకు ఎరుపు, లోపలి పట్టాకు నలుపు అని వృద్ధాచారం. ఇందులో ఒక ప్రాణాంతక సూక్ష్మం ఉంది. మన ఇళ్ళ గోడల్లో ఫేజు సాధారణంగా ఎరుపు, న్యూట్రల్ నలుపు. బల్లకింద బోర్లా పాకే సాధకుడికి 12 వోల్టుల ఎరుపును, 230 వోల్టుల ఎరుపును వేరుచేసి చూపేది అతని పుణ్యమొక్కటే. అందుచేత జాగరూకులు ఇంటి వైరింగులో వాడని రంగులు అవలంబిస్తారు. గోడ బోర్డుకు సంబంధించిన పని బల్లకిందికి తేవడాన్ని అన్ని సంప్రదాయాలూ ఏకకంఠంతో నిషేధించాయి. ఈ శాస్త్రంలో ఏకాభిప్రాయం ఉన్న చోటు ఇదొక్కటే.

విద్యుత్తును బట్టి మతాలు రెండు. వోల్టేజిని పెంచి తగ్గించి వేగం మార్చేది పాత డీసీ మతం. అందులో పట్టా ఎవరి అధీనంలో ఉంటే ఆ పట్టామీది రైలు వారిది. పట్టాలో ఎప్పుడూ పూర్తి వోల్టేజి నిలిపి, అంకెల రూపంలో ఆజ్ఞలు పంపేది డీసీసీ మతం. 58 మైక్రోసెకన్ల అర్ధతరంగం ఒకటి, 100 లేక ఆపైన ఉంటే సున్నా. ప్రతి ఇంజను తన నంబరు పిలిస్తేనే పలుకుతుంది, ఇతరుల పిలుపు విని ఊరుకుంటుంది. హూడి సాధకులు ఏ మతంలో చేరతారో చెప్పనక్కరలేదు. అపార్ట్‌మెంటులో కరెంటు పోయి జనరేటరుకు మారే ఆ రెండు మూడు సెకన్లలో డీసీవాడి రైలు ఆగి మళ్ళీ బయలుదేరుతుందనీ, డీసీసీవాడి కంట్రోలరు తొలినుంచి పునర్జన్మ ఎత్తుతుందనీ పూర్వపక్షులు ఎద్దేవా చేస్తారు. యూపీఎస్ కొనడంతో ఆ పూర్వపక్షం నిరస్తం, కొంత సొమ్ము కూడా నిరస్తం.

నాణెపరీక్ష: తీగలన్నీ కట్టాక, పట్టాల మీద అడ్డంగా నాణెం పెట్టాలి. కంట్రోలరు తక్షణం తెగి ఆగితే తీగలు నిర్దుష్టం. ఆగకుండా నాణెం వేడెక్కితే అక్కడ శిశుతంత్రి చాలలేదని నిర్ణయం. ఏ నాణెం పెట్టాలన్నదానిపై విప్రతిపత్తి ఉంది. రూపాయి బిళ్ళ వెడల్పు సుమారు 20–22 మిల్లీమీటర్లు కనుక 16.5 సందును సునాయాసంగా దాటుతుంది, కాని అది స్టెయిన్‌లెస్ స్టీలు. స్టీలు నిరోధం ఎక్కువ, అది చెప్పే సాక్ష్యం నమ్మదగదు, ఇత్తడి ఛాయ గల అయిదు రూపాయల బిళ్ళే ప్రామాణికం అని ధనికుల పక్షం. బిళ్ళ మారినా కంట్రోలరు తీర్పు మారదని నా నిర్ణయం.

5. మండూక ప్రకరణం

దారి రెండుగా చీలే పాయింటులో, ఒక పట్టా మరో పట్టాను అడ్డంగా దాటే త్రికోణపు ముక్కకు మండూకమని పేరు. వాడుకలో ఫ్రాగ్. మండూకాలు రెండు విధాలు. ప్లాస్టిక్‌తో చేసి విద్యుత్తు లేకుండా ఉంచినది మృతమండూకం. లోహంతో చేసి, పాయింటు మారినప్పుడల్లా తగిన ధ్రువాన్ని స్విచ్చి ద్వారా పొందేది జీవమండూకం.

మృతమండూకానికి తీగల బాధ లేదు. ఆరు ఇరుసుల పెద్ద ఇంజను దాన్ని దాటేటప్పుడు ముందు చక్రాలు అవతల, వెనుక చక్రాలు ఇవతల విద్యుత్తు గ్రహిస్తాయి కనుక, పై సూత్రంలోని పదం నడిమి సూత్రాలను దాటి కింది సూత్రానికి దూకినట్లు ఇంజను మండూకప్లుతి న్యాయంతో గెంతేస్తుంది. నాలుగు చక్రాల షంటింగు ఇంజను మాత్రం సరిగ్గా దాని నడుమ నిలిచి సమాధిలోకి వెళుతుంది. దాన్ని వేలితో తోయడం అంగీకార్యమా అన్న ప్రశ్నకు, అతిథుల ఎదుట కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆపద్ధర్మమని సమాధానం. జీవమండూకానికి ఈ బాధ లేదు. దానినుంచి వెలువడే రెండు పట్టాల్లోనూ యడాగమాలు తప్పకుండా చేయాలి. మరచినవాడి మండూకం మొత్తం దారిని ఒక్క బెకబెకతో ఆపగలదు.

6. దోష ప్రకరణం

నైయాయికులు తర్కదోషాలను పరిగణించినప్పుడు వారి మనసులో రైలుపట్టా ఉందో లేదో నిర్ణయించడం కష్టం. లక్షణాలు మాత్రం ఒక్కటే.

ఆత్మాశ్రయం: దారి గుండ్రంగా తిరిగి వచ్చి ఎదురుదిశలో తననే కలుసుకుంటే, బయలుదేరిన కుడిపట్టా ఎదురుగా వచ్చే ఎడమపట్టాను తాకుతుంది. తనను తానే తాకినందుకు శిక్ష షార్ట్‌సర్క్యూట్. చక్రకం: మూడు దారులు త్రికోణంగా కలిసే చోట అదే దోషం మూడు అంచెల్లో దాగి ఉంటుంది. రెంటికీ చికిత్స ఒకటే. వలయంలో ఒక భాగాన్ని రెండు చివరలా, రెండు పట్టాల్లోనూ ప్లాస్టిక్‌తో విడదీసి, రైలు లోపల ఉండగానే ధ్రువం మార్చే యంత్రానికి అప్పగించాలి. ఆ భాగం అతిదీర్ఘమైన రైలు కంటే పొడవుండాలి. ఆ కొలత తీసుకున్న మరునాడే సాధకుడు మరో రెండు బోగీలు కొంటాడు. ఇది దోషం కాదు, స్వభావం.

అనవస్థ: షార్ట్ ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. బస్‌ను సగానికి విడదీసి మల్టీమీటర్ పెట్టాలి. కూత వచ్చిన సగాన్ని మళ్ళీ సగం చేయాలి. పగటి కొలువులో ఇదే పనికి జీతం పుచ్చుకొనేవాడు కూడా రాత్రి రెండు గంటలకు సగం చేయడం మాని, అంతా ఒక్కసారి చూసేద్దామని బల్లకింద పడుకుంటాడు. అంతిమంగా తీగల్లో దోషం దొరకదు. సొరంగం లోపల పట్టాల మీద అడ్డంగా పడి ఉన్న తల పిన్ను దొరుకుతుంది.

7. ద్వారసేతు ప్రకరణం

గది నాలుగు గోడలనూ చుట్టే దారికి గుమ్మం ఒకచోట అడ్డురాక తప్పదు. గుమ్మం మీదుగా రైలు పోవడానికి ఎత్తగల చెక్కవంతెన కావాలి. ఇక్కడి సంధి ప్రతిదినం విడదీసి ప్రతిదినం కలపవలసినది కనుక నిత్యమూ కాదు, నిషేధమూ కాదు, వైకల్పికమూ కాదు. ఇది నైమిత్తికం. నిమిత్తం ఎవరన్నదే విచారణీయం.

యాంత్రికభాగం సులభం. వంతెన ఒక కొసకు బందులు, రెండో కొసకు ఇత్తడి గడియ. ఆ గడియనే విద్యుత్తు వచ్చే దారిగా చేయాలి. గడియ తీయగానే వంతెనతోపాటు దానికి రెండు పక్కలా ఒక్కో రైలు పొడవు మేర పట్టా కూడా నిర్జీవం కావాలి. లేకపోతే వేగంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ గుమ్మం నుంచి మూడున్నర అడుగుల లోతున హాలు టైల్స్ మీదికి దిగుతుంది.

వివాదమంతా మానుషభాగంలో ఉంది. కాకినాడ నుంచి శేషాద్రిలో వచ్చి నెల్లాళ్ళుగా ఉంటున్న అత్తగారు గుమ్మం అవతల నిలబడి, “అల్లుడుగారూ, ఆ వంతెన కాస్త ఎత్తుతారా? పనమ్మాయి ఊడవాలంటోంది” అన్నప్పుడు, “ఒక్క నిమిషం అత్తయ్యగారూ, గూడ్సు లోపలికి వచ్చేస్తోంది” అనడం అధికారభ్రష్టతకు హేతువా? హేతువేనని గృహధర్మవాదులు. సిగ్నలు పడని దారిలోకి ఎవరినీ, అత్తగారినైనా, అనుమతించరాదని రైల్వేవాదులు. ఉభయపక్షాలనూ విచారించి, అపార్ట్‌మెంటు ఆచారాన్ని కూడా గమనించి ఇచ్చిన వ్యవస్థ ఇది: ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది వరకు వంతెన ఎత్తే ఉండాలి. ఆ వేళ గదిలోపల చిక్కుకున్న రైళ్ళు లోపలే తిరగాలి. తక్కిన వేళల్లో గుమ్మం దాటదలచినవారు వంగి వంతెన కిందుగా వెళ్ళవచ్చు. అరవై ఏళ్ళు పైబడినవారికి, కాఫీ గ్లాసు చేతబట్టి వచ్చేవారికి మాత్రం ఎంతటి ఎక్స్‌ప్రెస్‌నైనా ఆపి గడియ తీయవలసిందే. కాఫీ తనకోసం తెచ్చినదైతే ముందు రైలు ఆపాలా, ముందు గ్లాసు అందుకోవాలా అన్నది తదుపరి ప్రకరణంలో విచారింపబడుతుంది.